ఐదక్షరాల తాళం

మొన్న మా బందరు ఇంటికి ఇంటర్నెట్ పెట్టె మార్చడానికి వచ్చినాయన పని ముగించి, కొత్త పాస్‌వర్డ్‌గా ఇంట్లోవాళ్ళ పేర్లు మాత్రం పెట్టుకోకండి బాబాయిగారూ, ఎవరైనా ఇట్టే కనిపెట్టేస్తారు, అని హితవు చెప్పాడు. ఒకప్పుడు ఇదే ముక్క గుడివాడ నుంచి దివిసీమ దాకా గడప గడపకీ తిరిగి చెప్పినవాణ్ణి నేనేనని ఆయనతో అనలేదు.

మన తరంలో భార్యను పేరు పెట్టి పిలిచిన మగవాడు అరుదు. నేనైతే ఇరవై రెండేళ్ళ కాపురంలో ఒక్కసారీ పిలవలేదు. "ఇదిగో" అంటే ఆవిడ వచ్చేది. కోపంగా ఉన్నప్పుడు అదీ అనకుండా గొంతు సవరించుకునేవాణ్ణి, దానికీ వచ్చేది. పెళ్ళినాడు పేర్లు చెప్పి లోపలికి రమ్మని వదినలు గుమ్మంలో నిలబెడితే, నీళ్ళు నమిలి తప్పించుకున్న ఘనుణ్ణి నేను.

ఆవిడ విషజ్వరంతో పోయిన మరుసటి ఏడాది, అంటే రెండువేలు దాటి ఆరేడేళ్ళయ్యాక, మా వైపు ఇళ్ళలోకి వైర్‌లెస్ రౌటర్లు రావడం మొదలైంది. బందరులో నాకు కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉండేది కనుక వాటిని బిగించే పనీ నాకే వచ్చింది. మొదటిది గుడివాడలో ఒక రిటైరైన మాస్టారింట్లో పెట్టాను. నేను వాడిన పాత రకం తాళం పాస్‌వర్డ్‌గా లెక్కకి ఐదు ఇంగ్లీషు అక్షరాలు అడిగేది. నాలుగైతే చాలవు, ఆరైతే పట్టవు. ఏం పెట్టమంటారంటే మీ ఇష్టమన్నారు మాస్టారు. నా వేళ్ళు వాటంతటవే ఆవిడ పేరు కొట్టాయి. సరిగ్గా ఐదక్షరాలు.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా అదే పెట్టాను. కాగితం మీద రాసిచ్చి, గుర్తుంచుకోవడం తేలికని అందరికీ చెప్పేవాణ్ణి గాని అసలు సంగతి అది కాదు. ఘంటసాలలో రైతుగారింట్లో ఆ పేరు సుద్దముక్కతో టెలిఫోను పైన గోడ మీద రాసుకున్నారు. నాగాయలంకలో చేపల వ్యాపారం చేసే వారింట్లో, వచ్చిన చుట్టానికల్లా మంచినీళ్ళిచ్చినంత మామూలుగా ఆ పేరు చెప్పేవారు. పలకరించే మనిషి లేని ఇంట్లోంచి బయల్దేరి, చిన్న రిపేరుకి కూడా బస్సెక్కి అంతదూరం వెళ్ళి, ఎవరో ఒకరు గట్టిగా ఆ పేరు అనేదాకా పని సాగదీసేవాణ్ణి. రౌటరు లోపలి సెట్టింగులకుండే రెండో పాస్‌వర్డ్ కంపెనీ ఇచ్చినదే వదిలేశాను. మార్చాలని తెలుసు. నా ధ్యాస అక్కడ లేదు.

ఒకరోజు గుడివాడ పోలీస్ స్టేషన్ నుంచి కబురొచ్చింది. మాస్టారి ఇంటర్నెట్ మీద నుంచి ఒక ఆడపిల్లకి బూతు ఉత్తరాలు వెళ్ళాయట. జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి బల్ల మీద తల దించుకుని కూర్చుని ఉన్నారు. అది ఎదురింట్లో అద్దెకున్నవాడి పనని తర్వాత తేలింది. వాడికి దొంగ తెలివి కూడా అక్కర్లేకపోయింది, ఆ పాస్‌వర్డ్ వీధి వీధంతటికీ తెలుసు. ఎస్సైగారు కాగితం ముందుకు లాక్కుని, "అన్ని ఇళ్ళకీ ఇదే పెట్టారంటండీ? ఏంటో సరిగ్గా చెప్పండి, రాసుకోవాలి" అన్నారు.

చెప్పాను. ఆవిడ పేరు నేను మొదటిసారి పైకి పలికింది ఆ స్టేషన్లో, మాస్టారి ముఖం చూడలేక గోడ వైపు తిరిగి. ఎవరిదండీ ఈ పేరు అని అడిగితే, మా ఆవిడదండీ అన్నాను. ఎస్సైగారు ఆ ఐదక్షరాలూ కాగితం మీద రాసుకున్నారు.

మర్నాటి నుంచి నలభైకి పైగా ఇళ్ళు తిరిగాను. పాత తాళం తీసి కొత్త రకం పెట్టడం, సెట్టింగుల పాస్‌వర్డ్ మార్చడం, పేర్లూ ఫోను నంబర్లూ పెట్టుకోవద్దని, గోడల మీద రాయొద్దని చెప్పడం. ఘంటసాలలో సుద్దరాత నేనే తడిగుడ్డతో తుడిచాను. నాగాయలంక ఇంట్లో పెద్దావిడ నా వంక చూసి, "ఎవరోనండీ ఈవిడ, రోజూ తలుచుకుంటన్నాం. తీసేత్తే ఇల్లు బోసిపోయినట్టుంటదండీ" అంది. నేను తల వంచుకుని కొత్త పాస్‌వర్డ్ కొట్టాను.

చివరికి మిగిలింది మా ఇల్లు. ఇక్కడైనా ఉండనిద్దామని కొత్త తాళంలో ఆవిడ పేరే కొట్టాను. పుచ్చుకోలేదు. కనీసం ఎనిమిది అక్షరాలుండాలని తెర మీద రాసి చూపించింది. పక్కన నా పేరు చేరిస్తే సరిపోయేదే, కానీ అన్ని ఇళ్ళలో పేర్లు వద్దని చెప్పొచ్చిన నోరు కదా. ఏవో అంకెలూ గుర్తులూ కలిపి కొట్టేసి, కుర్చీలో కూర్చుని ఏడ్చాను.

ఇప్పటి దంపతులు బజార్లో ఒకరినొకరు పేర్లతో పిలుచుకుంటుంటే ముచ్చటేస్తుంది, కొంచెం అసూయగానూ ఉంటుంది. మొన్నటాయన పెట్టిపోయిన పాస్‌వర్డ్‌కి నోరు తిరగదు, ఎవరూ కనిపెట్టలేరు, మంచిదే. ఆవిడ పేరు ఇప్పుడు ఏ గోడ మీదా లేదు, ఎవరి నోటా లేదు. ఆ రోజుల్లో నేను ఆ పేరు కొట్టిన ప్రతిసారీ ఏదో ఒక పెట్టె పలికేది. ఆవిడ వంటింట్లో ఉండగా ఒక్కసారి పిలిచి ఉంటే, ఆవిడే పలికేది.