సత్తెన్న మెషిన్‌కు ఎడమవైపు హ్యాండిల్

సత్తెన్నది గుండెపోటు అని డాక్టర్లు రాశారు. నేను ఒప్పుకోను.

ఆయన మెషిన్‌ను దొంగిలించి, తిరిగి ఆయనకే నోటీసు పంపిన ఆ స్టార్టప్ కంపెనీ చంపింది.

నిన్న పొద్దున పక్క షాపు వెల్డర్ రఫీక్ భాయ్ ఫోన్ చేశాడు.
"అరే మహేశ్, సత్తెన్న పోయిండురా. లేత్ కాడనే కూలిపోయిండు."

టీ గ్లాసు అక్కడే పెట్టేసి షాపుకు పరిగెత్తాను.

ఎరగనివాళ్ల కోసం చెప్తున్నా. మాదన్నపేటలో సత్తెన్నది చిన్న లేత్ షాపు, ఇనుప ముక్కల్ని తిప్పి చెక్కే పని. ఆయన భార్య, మా వదిన, ధూల్‌పేట్‌లో వినాయక విగ్రహాలకు మట్టి తొక్కేది. మట్టిలో కొబ్బరి పీచు కలిపి పొద్దంతా కాళ్లతో తొక్కాలి. ఆమె పాదాలు పగిలి నెత్తురొచ్చిన రోజు అన్న ఆ మట్టి తొక్కే మెషిన్ మొదలుపెట్టాడు. పాత ఆటో గేర్‌బాక్సు, గ్రైండర్ మోటారు, మూడేళ్ల మొండితనం.

నేనేమో కరపత్రాలు చదివి అన్న షాపుకొచ్చి, "టెక్నాలజీ లేకపోతే ఇండస్ట్రీ లేదన్నా, ఇండస్ట్రీ లేకపోతే దేశం ఎదగదన్నా" అని ఊగిపోయేవాణ్ని.

"గట్లనా? అయితే దేశాన్ని జర పక్కకు జరగమని, గా పానా అందియ్యి" అనేవాడు అన్న.

"వీడియో తీస్తాం అంకుల్" అంటూ వచ్చారు కంపెనీవాళ్లు. అన్నే చాయ్ తాగించి, మూత విప్పి అంతా చూపించాడు. కొలతలు కూడా తీసుకున్నారు.

ఏడాది తిరగకుండా అదే మెషిన్ పెద్ద స్టేజీ మీద. పైన "స్వదేశీ ఆవిష్కరణ" అని బ్యానర్. పేటెంట్ వాళ్లదట!

ఆ వీడియో అన్నకు నేనే చూపించాను. కాసేపు చూసి పకపకా నవ్వాడు.

"అరేయ్, నా తప్పు గూడ ఎత్కపోయిన్రురా!"

అన్నది ఎడమచేతి వాటం. అలవాటుకొద్దీ హ్యాండిల్ ఎడమవైపు పెట్టేశాడు. "గిదేం ఉల్టా హ్యాండిలన్నా" అని మట్టి తొక్కే ధూల్‌పేట్ అక్కలు తిడుతూనే ఉండేవారు. మార్చాలనుకుంటూనే ఉన్నాడు.

స్టేజీ మీద ఆ కోటుబాబు కుడిచేత్తో తడుముకుని, దొరక్క, ఎడమకు తిరిగాడు. అది అక్కడ ఎందుకుందో వాడికి తెలియదు. మాకు తెలుసు.

పోయిన వారం నోటీసు. తయారీ ఆపాలట. ఉన్న మెషిన్ విప్పేయాలట. సోమవారం మనుషులొచ్చి చూస్తారట.

చదివి వినిపించింది నేనే.

"అంటే నేను దొంగనారా?" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆయన నవ్వగా నేను చూడలేదు.

ఈ దేశంలో ఇన్నోవేషన్ లేదని సెమినార్లలో ఏడ్చే పెద్దమనుషులారా, ఉంది. లేత్ ముందు, చేతులకు గ్రీజుతో ఉంది. దాన్ని దోచుకుని, పుట్టించినవాణ్ని దొంగను చేశారు. క్షమించం. కోర్టులో, పేటెంట్ ఆఫీసులో, మీరు ఎక్కే ప్రతి స్టేజీ కింద నిలబడి అడుగుతాం. ఆ మెషిన్ మీద సత్తెన్న పేరు చెక్కేదాకా మీకు నిద్ర ఉండదు.

సోమవారం మెషిన్ విప్పం. నడిపిస్తాం. అక్కలు మట్టి తెస్తున్నారు. వదిన స్విచ్ వేస్తానంది.

పోయిరా సత్తెన్నా. నీకు శాంతి దక్కాలి. వాళ్లకు దక్కనియ్యం.

సోమవారం పొద్దున పది గంటలకు, అన్న షాపు ముందు. అందరూ రండి.