దొరగారి భార్య, మా నానమ్మ

నా పని ఇంగ్లిష్ వెబ్ పేజీలను తెలుగు చేయడం. నిరుడు ఒక వారం నాకు తగిలినవాడు స్కాట్లాండ్ దొర, ఏడు వందల ఏళ్ల కిందటివాడు. గౌలిపురలో మా మేడగదిలో, కింద బర్రెలు అరుస్తుంటే, ఆయనగారి కుటుంబ చరిత్ర రాస్తూ కూర్చున్నాను.

ఘనుడే. ఇద్దరు రాజులు కొట్లాడుకుంటుంటే గాలివాటం చూసి పక్షం మార్చాడు. పెద్దకొడుకును శత్రువుకు హామీగా అప్పగించాడు, రాజీ కుదిరినప్పుడల్లా ఒక కూతురిని అవతలివాళ్లింటికి పెళ్లి చేసి పంపాడు. కోట, భూములు, దొరతనం అన్నీ భార్య తరఫున వచ్చినవే. మన దగ్గర దాన్ని ఇల్లరికం అంటారు, ఇల్లరికపుటల్లుడు కాస్త తలొంచుకుని తింటాడు. ఈయన సింహం బొమ్మ డాలు పట్టుకుని తిరిగాడు. ఇంతా చేస్తే ఆ భార్య పేరు తెలియదట. ఆయన ఎక్కిన గుర్రం రంగు మాత్రం తెలుసట. ఇవన్నీ రాసిపెట్టిన ఆనాటి గుమస్తాలను తలచుకుంటే ఒళ్లు మండింది.

ఆ వారమే మా నాన్న ఒక కాగితం తెచ్చాడు. తాత సంవత్సరీకానికి వంశవృక్షం ఫ్లెక్సీ కొట్టించాలి, టైప్ చేయమన్నాడు. చూస్తే ఐదు తరాల మగవాళ్లు. ఒక్క ఆడపేరు లేదు. దీపావళి తర్వాత సదర్ పండుగ ఊరేగింపులో అలంకరించి తిప్పే మా దున్నపోతుకైతే తల్లి పేరు, అమ్మమ్మ పేరు కూడా ఆయనకు నోటికి వచ్చు.

“నానమ్మ పేరు లేకుంటే నేను టైప్ చెయ్య బాపు,” అన్నాను.

“ఆడోళ్ల పేర్లు ఎవరు రాస్తరే? మన దగ్గర గట్ల లేదు.”

“మరి మీరందరు ఆకాశంల నుంచి ఊడిపడ్డరా?”

రెండు రోజులు లొల్లి అయింది. దున్నపోతుకున్న విలువ అరవై ఏళ్లు పేడ ఎత్తిన మనిషికి లేదా అని ఇంట్లో అందరినీ కడిగేశాను. చివరికి నాన్న విసిగి, “రాసుకో పో,” అన్నాడు. ఆధార్ కార్డు చూసి పేరు కొట్టి, లాప్‌టాప్ పట్టుకెళ్లి నానమ్మకు గర్వంగా చదివి వినిపించాను.

నానమ్మ పెదవి విరిచింది. “అది నా పేరు కాదు బిడ్డా. పెండ్లి నాడు వీళ్లు పెట్టింది.”

“ఎందుకు?”

“నా పేరు, మా అత్త పేరు ఒక్కటే. కోడలిని పిలిస్తే అత్తను పిలిచినట్టయితదని మార్చిండ్రు. రాస్తే నా పేరే రాయి. గిది వద్దు.”

నాకు ఇంకా సంబరం. ఒక్క మాటతో ఇద్దరి పేర్లు దొరుకుతాయి. చెప్పమన్నాను. నానమ్మ నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఎట్ల అంటనే? అత్త పేరు నోటితోని అనొద్దు.”

“ఆమె పోయి యాభై ఏండ్లాయె. నీ పేరు గూడ అదే గద.”

“పోయినా అత్త అత్తనే.”

బతిమాలాను, కోప్పడ్డాను, కాగితం ఇచ్చాను. నానమ్మకు రాయడం రాదు. నాన్నను అడిగితే, ఆ అత్తను తను నానమ్మా అని పిలవడమే తప్ప పేరు ఎన్నడూ వినలేదన్నాడు. తెలిసిన మిగతావాళ్లంతా పోయారు. ఈసారి తిట్టడానికి నాకు గుమస్తా ఎవడూ దొరకలేదు.

సంవత్సరీకం నాడు ఫ్లెక్సీలో తాత పేరు పక్కన గడి ఖాళీగానే ఉంది. నానమ్మ దాని కింద కుర్చీ వేయించుకుని, వచ్చిన చుట్టాలందరికీ వేలు పెట్టి చూపించింది.

“గాడ ఏం రాయనిది ఉన్నది సూడు, అది నేనే.”