మూడు పొరల రోజారంగు గౌను

2004వ సంవత్సరం, ఎండాకాలం. నలభై ఏళ్లు మగ్గం మీద బట్ట నేసిన నేను మహానందిలో ఒక చిన్న గౌను చేతిలో ఓడిపోయినాను. నవ్వేవాళ్లు నవ్వండి. మా ఇంట్లో మాత్రం ఆ మాట ఎత్తితే ఇప్పటికీ ఎవరూ గట్టిగా నవ్వరు.

మాది ఎమ్మిగనూరు. మా ఒక్కగానొక్క కూతురు సరోజను నంద్యాలకు ఇచ్చినాం. దాని బిడ్డ లావణ్యకు పదకొండో నెల నడుస్తోంది. మహానందిలో పుట్టెంట్రుకలు తీయిస్తామని మొక్కు. మా పద్ధతిలో బిడ్డను మేనమామ ఒడిలో కూచోబెట్టి మొదటి కత్తెర వేయించాలి. నాకు కొడుకుల్లేరు. కాబట్టి ఆ ఒడి నాదేనని నేనే తీర్మానం చేసినాను. కొత్త బట్ట తెచ్చేది కూడా పుట్టింటివాళ్లే. ఈ రెండింటి కోసం నెల ముందు నుంచీ కాచుకుని ఉన్నాను.

నంద్యాలకు పోతూ, కర్నూలులో బస్సు మారేటప్పుడు నేనూ నా భార్య ఈరమ్మా పిల్లల బట్టల అంగడికి పోయినాం. అంగడాయన ముందు అడిగింది బిడ్డ వయసు కాదు.

"మగబిడ్డా, ఆడబిడ్డా?"

"ఆడబిడ్డ."

"అయితే ఈ పక్కకు రాండి."

ఆ పక్క మగపిల్లల అంగీలు. మెత్తటి నూలుబట్ట, ముందర బొత్తాలు, చిన్న జేబు. ఈ పక్క అంతా రోజారంగే. ఆయన తీసిన గౌనుకు వల మాదిరి మూడు పొరల నెట్టు, మెడ చుట్టూ పూసలు, వెనక జిప్పు, జిప్పు కింద నడుము దగ్గర అరచెయ్యంత బో ముడి!

ఈరమ్మ ఆ పక్కనే నిలబడిపోయింది.

"యోవ్, ఈ అంగీ చూడు, వెన్న మాదిరి ఉండాది. ఎండలు మండిపోతాండాయి. ఇది తీసుకుందాం."

"ఆడబిడ్డకు అంగీ ఏందే?"

"పదకొండు నెల్ల బిడ్డకు ఆడేంది, మగేంది? చెమట ఇద్దరికీ ఒకటే కదా!"

"గుండు కొట్టినాక అంగీ తొడిగితే మగపిల్లోడనే అనుకుంటారు. నా మనవరాలు ఆడబిడ్డని నలుగురికీ తెలియాల."

"నలుగురికీ తెలిస్తే ఏమొస్తాది? బిడ్డకు గాలి తగలాల గానీ!"

నేను వినలేదు. ఒకసారి పట్టింది వదిలే గుణం నాకు లేదు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నది కూడా, నీకు రావులే అని ఒకడు అన్నందుకే.

ఆ గౌనును నేను చీరను చూసినట్టే చూసినాను. పరిచి చూసినాను, వెలుతురుకు పట్టి చూసినాను, రంగు చూసినాను, మెరుపు చూసినాను. చీరకు మెడ లేదు, చంక లేదు, జిప్పు లేదు. నా జన్మలో నేసిందంతా ఎవరి ఒంటికైనా చుట్టుకునే బట్టే. ఈ బట్ట లోపల ఒక బిడ్డ ఉంటుందని, అది పాకుతుందని, పొర్లుతుందని నాకు తోచనే లేదు.

మరుసటి రోజు నంద్యాలలో గౌను అంచుకు పసుపు పెట్టి తొడిగించినాం. జిప్పు పైకి లాగింది నేనే. బిడ్డ పాకబోయింది. మోకాళ్ల కింద గౌనే పడి బోర్లాపడింది. ఎత్తుకుంటే చేతికి నెట్టు దొరికింది గానీ బిడ్డ దొరకలేదు. బస్సులో పడుకోబెడితే వెనక బో ఒత్తుకుని లేచి కూచుంది. మహానందిలో దిగేసరికి మెడంతా ఎర్రగా కందిపోయింది. రెండు చేతులా గీరుకుంటూ ఒకటే ఏడుపు.

మా వియ్యంకుడు నారాయణప్ప మెత్తటి మనిషి. సంచి విప్పుతూ అడిగినాడు.

"బావా, మా పెద్దోని కొడుకు పాత అంగీ ఒకటి ఉండాది. తడుపుకుంటే మార్చొచ్చని తెచ్చినా. తొడుగుదామా?"

"పాతదా? మొక్కు తీర్చేటప్పుడా? నేను తెచ్చిన కొత్తది కనపడ్డం లేదా?"

"సరే బావా, నీ ఇష్టం."

గుండు చేసేచోట బిడ్డను ఒడిలో పెట్టుకుని కూచున్నాను. అది విల్లు మాదిరి వెనక్కి వంగి కేకలు పెడుతోంది. గుండు చేసే ఆయన కత్తెర కింద పెట్టేసినాడు.

"పెద్దాయనా, బిడ్డ ఇట్ల మెదులుతాంటే నేను చెయ్యి పెట్టను. ముందు ఆ గౌను తీయండి."

జిప్పు దిగలేదు. దాని పళ్ల మధ్య నెట్టు ఇరుక్కుంది.

"నాయనా, కత్తెరతో కోసేస్తా, జరుగు," అంది సరోజ.

"పసుపు పెట్టిన కొత్తబట్టకు మొక్కు తీరకముందే కత్తెర పెడతావా? నూలు చిక్కులు తీసి బతికినోణ్ణి, ఈ జిప్పు నాకొక లెక్కా?"

నూలు చిక్కును ఓపికతో తీయాలి. ఆ విషయం నాకంటే బాగా తెలిసినవాడు లేడు. అయినా గట్టిగా లాగినాను. జిప్పు కదిలింది. బిడ్డ వీపు మీది చర్మాన్ని పట్టుకుని కదిలింది. లావణ్య ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. తర్వాత అరిచిన అరుపుకు అక్కడున్నవాళ్లంతా తిరిగి చూసినారు.

సరోజ కత్తెర అందుకుని గౌనును మెడ నుంచి అంచు దాకా కోసేసింది. చంకల్లో, నడుము చుట్టూ ఎర్రటి చారలు. వీపు మీద రక్తం.

"ఇప్పుడన్నా పక్కకు జరుగు నాయనా."

జరిగినాను.

నారాయణప్ప చల్లటి నీళ్లతో బిడ్డను తుడిచి, ఆ పాత అంగీ తొడిగినాడు. ఎన్నిసార్లు ఉతికినారో, పలచబడి పువ్వు మాదిరి ఉంది. ముందర రెండు బొత్తాలు, అంతే. బిడ్డ రెండుసార్లు వెక్కి, జేబులో వేళ్లు దూర్చి, ఆయన ఒడిలో కుదురుగా కూచుంది.

"ఇటు రా తల్లీ," అని చేతులు చాచినాను.

నన్ను చూసి ఆయన ఎదలో మొహం దాచుకుంది.

"ఆడనే ఉండనీండి, ఇప్పుడు శాంతంగా ఉండాది," అన్నాడు గుండు చేసే ఆయన. నారాయణప్ప నా మొహం చూసినాడు. నేను తల ఊపినాను. మొదటి కత్తెర ఆయన ఒడిలోనే పడింది.

గుండు అయిపోయినాక, దారిన పోయే ఒకామె ఆగింది.

"అబ్బ, బాబు ఎంత బుద్ధిగా కూచున్నాడో! పేరేంది?"

మావాళ్లందరూ నా దిక్కు చూసినారు.

"లావణ్య," అన్నాను.

"ఓ, పాపా!" అని నవ్వి, బిడ్డ బుగ్గ నిమిరి పోయింది. అంతే. అంగట్లో నేను అంత భయపడింది ఒక్క మాటతో తీరిపోయింది!

ఊరికి తిరిగి వచ్చినాక, సంచిలో తెచ్చుకున్న ఆ గౌను నుంచి ఒక దారం లాగి అగ్గిపుల్ల ముట్టించినాను. నూలైతే బూడిద కావాలి. అది ముడుచుకుని, మైనం మాదిరి బొట్టుగా కారింది. నూలు కొన్న ప్రతిసారీ నేను చేసే పరీక్షే ఇది.

ఈరమ్మ గడప మీద కూచుని చూస్తోంది.

"ఈ పని అంగట్లోనే చేసింటే ఎంత బాగుండు! ఆయన మనల్ని బయటికి తరిమింటాడు. బిడ్డన్నా బతికిపోయుండేది."

లావణ్య వీపు మీద చింతగింజంత మచ్చ నిలిచిపోయింది. ఏడు నెలల దాకా ఆ బిడ్డ నా చంకకు రాలేదు.