తీర్పు లేని పట్టిమండ్రం

నల్లరేగడి నేలకు వానను, ఆ నేల మీద బతికే మాకు ఊపిరిని ఇచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన చేసినవన్నీ నాకు అర్థమయ్యాయని చెప్పను. అర్థం కాని రోజున కూడా ఆయన మంచివాడేనని నమ్ముతూ ఇది రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మేము తమిళనాడులో కోవిల్‌పట్టికి అవతల ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మా వీధిలో అందరూ అగ్గిపెట్టెల పనివాళ్ళే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చర్చిలో బైబిలు, పాట, ప్రార్థన అన్నీ తమిళమే. తెలుగు అక్షరాలు నాకు పెళ్ళయి చిత్తూరు వచ్చాకే పట్టుబడ్డాయి. ఇంట్లో అన్నానికి ముందు కళ్ళు మూసుకున్నా నోట తమిళమే వచ్చేది. కూరలో ఉప్పు చాలలేదని తెలుగులో సణిగి, దేవుడికి వందనాలు మాత్రం తమిళంలో చెప్పేవాళ్ళం. దేవుడికి తెలుగు రాదని నేను నిజంగానే అనుకునేదాన్ని.

ఏటా కోత పండుగ నాడు భోజనాలయ్యాక చర్చి ముందు పందిట్లో పట్టిమండ్రం జరిగేది. రెండు మూడు పక్షాల వాళ్ళు వాదించుకుంటే, మధ్యలో కూర్చున్న పెద్దమనిషి చివర్లో తీర్పు చెప్పే పోటీ అది. నాకు పదకొండేళ్ళప్పుడు పెట్టిన విషయం, మనిషి కనిపెట్టినవాటిలో ఏది గొప్పదని. ఒక పక్షం చక్రం, ఇంకొకటి అచ్చుయంత్రం, మాది అగ్గిపుల్ల.

నాకు ప్రసంగం నేర్పింది మా చిన్నమ్మ. మా అమ్మకు చెల్లెలు, మాతోనే ఉండేది. ఫ్యాక్టరీలో పుల్లలకు మందు అద్దే షెడ్డులో పని. ఇంటి దగ్గర కూడా చట్రంలో పుల్లలు పేరుస్తూనే నా చేత వల్లె వేయించేది. నేను గుక్క తిప్పుకోకుండా చదివితే చేయి ఆపేది.

"పుల్లకీ పుల్లకీ నడుమ సందు ఉండాల పాపా. లేకుంటే మందు ఒకదానికొకటి అంటుకుంటాది. మాటా అంతే."

చక్రం వాళ్ళకు జవాబు కూడా ఆమే తయారు చేసింది. "పొయ్యి రాజకపోతే బండి తోలేవాడు ఆకలితో బండి కిందే పండుకుంటాడని చెప్పు. జనం నవ్వాల. నవ్వినాక నువ్వు నవ్వకూడదు."

పండుగ ఆదివారం. శుక్రవారం మధ్యాహ్నం ఆ షెడ్డులో నిప్పు రేగింది. ఎలా రేగిందో ఈనాటికీ నాకు తెలియదు. చిన్నమ్మను గోనెపట్టా మీద మోసుకొచ్చి మా వాకిట్లో దించారు. బండి కోసం మనిషి పరిగెత్తాడు. ఈలోగా ఎవరో ఇంకు తెమ్మన్నారు. కాలినచోట ఇంకు పోస్తే చల్లబడుతుందని మా వీధిలో అందరి నమ్మకం. ప్రసంగం రాసుకున్న నా ఇంకు సీసాను నేనే పరుగున తెచ్చిచ్చాను. ఏదో ఒకటి చేయగలిగానని ఆ నిమిషంలో కొంచెం గర్వపడ్డాను కూడా. ఆమె రెండు చేతులూ, మెడా నీలంగా అయిపోయాయి.

విరుదునగరం ఆసుపత్రిలో డాక్టరు ఆ నీలాన్ని చూసి, చర్మం ఎంత కాలిందో కూడా కనపడకుండా ఈ పని చేసిందెవరని అడిగాడట. మా నాన్న తిరిగొచ్చి ఈ మాట అమ్మతో చెబుతుంటే తలుపు వెనకాల విన్నాను. ఆమె బతకడం కష్టమన్న మాటా అప్పుడే విన్నాను. పిల్లని మాత్రం పట్టిమండ్రంలో మాట్లాడమని చెప్పమందట చిన్నమ్మ.

అందుకని వెళ్ళాను. చక్రం పక్షం అబ్బాయి లేచి, రోగిని ఆసుపత్రికి చేర్చేది చక్రమే అన్నాడు. అచ్చుయంత్రం పక్షం అక్క, పుస్తకం లేకపోతే డాక్టరుకు వైద్యమెక్కడిది అంది. వాళ్ళు నన్ను నొప్పించాలని అనలేదు. వాళ్ళు చెప్పిందీ నిజమే. జనం చప్పట్లు కొట్టారు. నా వంతు వచ్చింది. లేచి నిలబడితే ప్రసంగంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. తీర్పరిగా కూర్చున్నది మా ఉపదేశి తాత. పాస్టరు రాని వారాల్లో ఆరాధన నడిపే ముసలాయన, ఆయన ఇంట్లోనూ తెలుగే. ఆయన వైపు చూస్తే నోటినుంచి తెలుగు ఊడిపడింది.

"తాతా, ఇంకు ఇచ్చింది నేనే."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. మా చర్చి పందిట్లో మైకు ముందు తెలుగు ఎవరూ మాట్లాడి ఎరగరు. తాత లేచి వచ్చి, నా పక్కన చాప మీద కూలబడి, కళ్ళు మూసుకున్నాడు. గంటసేపు తమిళంలో ధారాళంగా ప్రార్థించే మనిషి. ఆ రోజు తెలుగులో మొదలుపెట్టి మాటమాటకీ ఆగాడు. ప్రార్థన మాటలేవీ ఆయనకు తెలుగులో తెలియవు. వంటింట్లో, కళ్ళంలో వాడే మాటలే ఉన్నాయి.

"అయ్యా, బిడ్డ చేతులు కాలినాయి. శానా నొప్పి. ఇంకు పోస్తే చల్లబడతాదని పోసినాము. మాకు తెల్దు. ఏం చేయాలో ఇప్పుడూ తెల్దు. నువ్వే రావాల."

అంతే. ఆమెన్ అనడం కూడా మరిచాడు. తరువాత లేచి, ఈ ఏడు తీర్పు లేదని చెప్పి అందరినీ ఇళ్ళకు పంపేశాడు.

చిన్నమ్మ మంగళవారం పోయింది. ఇంకు వల్ల కాదు, కాలినది చాలా ఎక్కువని డాక్టరే చెప్పాడని నాన్న నాకు ఎన్నోసార్లు చెప్పాడు. సమాధి దగ్గర నేను తాత చేయి పట్టుకుని, దేవుడు వినలేదా అని అడిగాను.

"విన్నాడు పాపా. ఎందుకిట్ల చేసినాడో నాకు చెప్పలేదు" అన్నాడు.

యాభై ఏళ్ళుగా పెద్ద పెద్ద ప్రసంగాలు విన్నాను, వాక్యం చదివాను, స్త్రీల కూడికల్లో వాక్యం చెప్పాను. అయినా జబ్బుపడ్డ నా భర్త మంచం పక్కన కూర్చున్న రోజుల్లో నాకు ఆసరా అయినది ఆ ముసలాయన తడబాటే. మనిషి కనిపెట్టినవి చాలా గొప్పవి, వాటికి నేను కృతజ్ఞురాలిని. అవి ఆగిపోయిన చోట చెప్పడానికి నా దగ్గర తీర్పు లేదు. తెలియదు అని దేవుడి ముందు ఒప్పుకోవడం మాత్రం ఆ చాప మీద నేర్చుకున్నాను.

మా పాత ఊరి దిక్కున, తాయిల్‌పట్టి వైపు అగ్గిపెట్టెల, బాణసంచా షెడ్లలో ఈ పొద్దు కూడా ఆడవాళ్ళు మందు కలుపుతూ ఉంటారు. వాళ్ళ చేతుల కోసం నాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థించండి. మంచి మాటల కోసం వెతుక్కోవద్దు. మీ ఇంట్లో మాట్లాడే మాటలు చాలు.