వీధి మీద వాలిన పసుపు

ఆర్మూరులో మా పసుపు గిర్నీ ఉన్న వీధి అంటే నాకు ఇప్పటికీ రంగే ముందు కనిపిస్తుంది. ఎండాకాలం పొద్దున ఎండిన కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము తిరగడం మొదలవగానే, పొట్టు సన్నటి దుమ్మై లేచేది. ఎండలో కాసేపు తేలి, మెల్లగా ఇళ్ల మీద, ఆరేసిన బట్టల మీద, ఆగిన ఆటోల మీద వాలేది. పెళ్లయి వచ్చిన కొత్తలో గుమ్మంలో నిలబడి దాన్నే చూస్తుండేదాన్ని. తెల్లచీర సాయంత్రానికి లేత పసుపుగా మారిపోయే ఊరు నాకు కలలా ఉండేది.

ఎదురింటామెకు అది కల కాదు. ఆమె బీడీలు చుట్టేది. ఆకు మీద పసుపు పడితే బీడీలు కంపెనీ నుంచి వాపసు వచ్చేవని, సీజనంతా తలుపు మూసుకుని చీకటి గదిలో కూర్చునేది. ఆ సంగతి తెలిసిన రోజే మా ఆయనతో అన్నాను, దుమ్మును లాగి గుడ్డసంచుల్లో పట్టే మిషన్ పెడదామని.

"మంచిగ నడుస్తున్న గిర్నీని కెలుకుడెందుకు? ఆర్మూరుల ఎవలన్న వెట్టిన్రా గసొంటిది? సీజన్ల డ్రమ్ము ఆగితే రైతులు ఇంకో గిర్నీకి పోతరు" అన్నాడు.

ఆయన భయం అబద్ధం కాదు. కానీ ఆ ఏడు, బయటి దేశాలకు పసుపు పంపే వ్యాపారి ఒకాయన గిర్నీ చూడటానికి వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు. నా మాటకు కదలని మనిషి అప్పుడు కదిలాడు. పెర్కిట్ నుంచి వెల్డింగ్ మేస్త్రీని పిలిపించి మిషన్ పెట్టించాడు.

మొదటి రోజుల్లో వీధి కడిగినట్టు ఉంది. ఎదురింటామె బీడీల చాట పట్టుకుని అరుగు మీదికి వచ్చి కూర్చుంది. అంతలో అకాల వాన పడింది. తడిగాలికి దుమ్ము అంటుకుని సంచులు బిగుసుకుపోయాయి, దాన్ని లాగే ఫ్యాన్ మూలిగింది, డ్రమ్ము ఆగింది. ముప్కాల్ నుంచి వచ్చిన పసుపు ట్రాక్టరు వాకిట్లోంచే వెనక్కి తిరిగింది.

"జెప్పిన గద! పీకేయున్రి దాన్ని" అని మా ఆయన కేకలేశాడు.

ఎదురింటామె చాట పట్టుకునే లేచి వచ్చింది.

"తీసేస్తున్నవా అన్నా? నేను మల్ల లోపట కూసోవాల్నా?"

మా ఆయన ఒక సంచి విప్పి, గట్టిపడిన దుమ్మును గోటితో గీకి చూశాడు. తర్వాత మేస్త్రీకి కబురు పెట్టాడు. మరునాడు మేస్త్రీ మళ్లీ వచ్చాడు. ఇద్దరూ కలిసి సంచులు మార్చారు, పైన రేకులు కప్పారు, దుమ్ము దులపడానికి ఒక ఇనుప పిడి పెట్టారు. పిడి లాగినప్పుడల్లా లోపల మెత్తగా చినుకులు రాలుతున్నట్టు చప్పుడయ్యేది. ఆ చప్పుడు కోసమని నేనే రెండుసార్లు ఎక్కువ లాగేదాన్ని.

ఆ వ్యాపారి మళ్లీ రాలేదు. మిషన్ మాత్రం ఉండిపోయింది. మధ్యాహ్నాలు ఎదురింటామె పక్కన కూర్చుంటే, ఆమె వేళ్ల మధ్య ఆకు చుట్టుకోవడం చూస్తూ నాకు కునుకు పడుతుంది.

మొన్న పక్క వీధి గిర్నీ ఆయన వచ్చి, మిషన్ చుట్టూ తిరిగి, పిడి లాగి చూశాడు.

"మస్తుగున్నది వదినా. గీ సీజన్ కానియ్యి, మేం గూడ వెట్టేది సూద్దాం" అన్నాడు.

పోయిన ఏడూ అదే మాట అన్నాడు. చాయ్ ఇచ్చి పంపించాం.