జర్మన్లు మనల్ని ఏలి ఉంటే

లండన్ పక్కనున్న మా వాట్‌ఫర్డ్ తెలుగువాళ్ళలో ఒక అంకుల్ ఉన్నారు. రిటైరైన ఇంజినీరు. వయసులో ఉన్నప్పుడు రెండేళ్ళు జర్మనీలో పనిచేశారట, ఆ రెండేళ్ళనీ ఇప్పటికీ మా అందరి నెత్తినా రుద్దుతారు. ఎవరింటికి భోజనానికి పిలిచినా పప్పు కలుపుకునేలోపే మొదలు. ఇంగ్లీషువాళ్ళు కాకుండా జర్మన్లు ఏలి ఉంటే ఏ రేవు ఎవరి చేతికి వచ్చేదో, రైలుపట్టాలు ఎక్కడెక్కడ పడేవో అంతా ఆయనే తేల్చేశారు. నాకు ఆ మనిషంటే ఒళ్ళు మంట. అయినా పిలుస్తాం. పిలవకపోతే మా వారు నొచ్చుకుంటారు.

ఆ ఆదివారం నా వార్డులోనే పనిచేసే ఇంకో డాక్టరుని కూడా పిలిచాను. ఆమెది నమీబియా. ఈ దేశంలో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను స్టాఫ్ టాయిలెట్లో కూర్చుని ఏడుస్తుంటే తలుపు కొట్టి టీ ఇచ్చిన మనిషి. మా ఇంటికి రావడం అదే మొదటిసారి.

ఆమెకు అర్థం కావాలని అంకుల్ మర్యాదగా ఇంగ్లీషులోకి మారారు. అదే కొంప ముంచింది.

"జర్మన్లది క్రమశిక్షణమ్మా. వాళ్ళ కాలనీలు వాళ్ళకే ఉండి, మా కోస్తా కూడా వాళ్ళ చేతికే చిక్కి ఉంటేనా, ఈపాటికి మా ఊళ్ళు అద్దాల్లా ఉండేవి. మీ నమీబియాని ఏలినప్పుడు రైళ్ళు వేసింది వాళ్ళే కదా?"

ఆమె చెంచా కింద పెట్టింది.

"వేశారు. ముందు మా ముత్తవ్వ వాళ్ళని ఎడారిలోకి తరిమారు. నీళ్ళున్న చోటల్లా కాపలా పెట్టారు. బతికి బయటపడ్డవాళ్ళ మెడలో నంబరు బిళ్ళలు కట్టి, ఆ పట్టాలు వాళ్ళ చేతే వేయించారు."

గొంతు పెంచలేదు. అంకుల్ తల ఊపారు.

"అది ఆఫ్రికాలోనమ్మా. మాతో అలా చేసేవాళ్ళు కాదు. మా చదువులు, మా సంస్కృతి వేరు."

ఆమె నా వైపు చూసింది. నాకు రక్తం ఉడికిపోతోంది. ఆయన కంచం లాగేసి బయటికి పొమ్మనాలనిపించింది. కానీ పెద్దాయన, అన్నం ముందు కూర్చుని ఉన్నారు. తింటున్నవాళ్ళని మాట అనకూడదని చిన్నప్పుడు మా ఇంట్లో కొట్టి మరీ నేర్పారు. చేతిలో గరిటె ఉంది.

"ఇంకొంచెం పప్పు వెయ్యమంటారా అంకుల్?" అన్నాను.

ఆయన కంచం ముందుకు జరిపారు. వేశాను. నెయ్యి కూడా వేశాను.

ఆమె పెట్టినవన్నీ తిని, థాంక్స్ చెప్పి వెళ్ళింది. మర్నాడు డ్యూటీల రోటా చూస్తే, నాతో పడిన షిఫ్టులన్నీ వేరేవాళ్ళతో మార్చుకుని ఉంది. కారిడార్‌లో ఆపి, ముసలాయన, ఆ మాటలు పట్టించుకోకు అని సర్దిచెప్పబోయాను.

"ఆయన సంగతి కాదు," అంది. "మీతో అలా చేసేవాళ్ళు కాదని నువ్వూ అనుకుంటున్నావా? నిన్న అది తెలుసుకుందామనే నీ వైపు చూశాను."

"లేదు, అస్సలు అనుకోను," అన్నాను వెంటనే.

కారిడార్‌లో మేమిద్దరమే ఉన్నాం. ఆమె అటూ ఇటూ చూసింది.

"ఇప్పుడు చెబుతున్నావు," అని వార్డులోకి వెళ్ళిపోయింది.