ఆపిల్ పండ్ల దాడి

రిజ్వాన్ క్రేన్ నడుపుతాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు చుట్టూ లేస్తున్న గోదాములకు ఇనుప దూలాలు ఎత్తిపెట్టడం అతని పని. అది లేని రోజుల్లో నాయకులకు దండలు. ఢిల్లీ నుంచి పదవి పట్టుకొచ్చినవాడైనా, టికెట్ దొరక్క ఉత్త చేతులతో దిగినవాడైనా, విమానాశ్రయం దాటి రోడ్డెక్కగానే దండ పడాల్సిందే. మెడలో వేసే దండ కాదు. మెడకూ మనిషికీ ఆఖరికి కారుకూ పట్టని ఆపిల్ పండ్ల దండ. దాన్ని మోయడానికి కార్యకర్తల అభిమానం చాలదు కాబట్టి క్రేన్ కావాలి.

రిజ్వాన్‌కు ఆ పనంటే రోత.

"టన్నులు ఎత్తే బండితోని పండ్లు ఎత్తిస్తున్న. బండికి నోరుంటే నన్ను తిట్టేది," అనేవాడు భార్య ఆఫియాతో.

"బండి ఎందుకు, నేను తిడ్తున్న కదా. ఒప్పుకోకు మరి," అనేది ఆమె.

ఒప్పుకునేవాడు. నలభైకి దగ్గరపడ్డా తనకు కావలసిన పని ఏదో రిజ్వాన్‌కు తెలియలేదు. ఎవరు పిలిస్తే అటు పోవడం, ఏది తగిలిస్తే అది ఎత్తడం.

తండ్రి ఖదీర్‌కు మాత్రం అలాంటి అనుమానాలేవీ లేవు. పాతబస్తీలో దర్జీ పని చేసినవాడు. చూపు తగ్గాక మిషను మానేసి కొడుకు ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాడు. సాయంత్రమైతే చాలు, తెర మీద నాలుగు గళ్లు, గడికొక మనిషి, ఒకరి మాట ఒకరికి వినపడకుండా అరవడం. మధ్యలో యాంకరు అందరికంటే గట్టిగా అరిచేవాడు. "సహీ బోలా! బరాబర్ చెప్పిండు!" అని ఖదీర్ తొడ చరిచేవాడు. ఎవరు ఏం చెప్పారని ఆఫియా అడిగితే మాత్రం చెప్పలేకపోయేవాడు.

కిందటి ఎండాకాలంలో ఒక పెద్ద పార్టీ నాయకుడు ఢిల్లీ నుంచి దిగాడు. తొండుపల్లి మలుపు దగ్గర స్వాగతం. రిజ్వాన్ పొద్దున్నుంచి దండను గాల్లో వేలాడదీసుకుని కూర్చున్నాడు. నాయకుడు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. కారు పైకప్పులోంచి సగం బయటికి లేచి, రెండు చేతులూ జోడించి, తనను చూడనివాళ్ల వైపు కూడా నవ్వాడు. దండ అతని తల మీదికి దిగిందో లేదో, జనం పండ్ల మీద పడ్డారు. అభిమానం కొద్దీ కాదు, ఆపిల్ పండ్ల కొద్దీ. తలా ఒక దిక్కు లాగుతున్నారు.

రిజ్వాన్ క్రేన్ క్యాబిన్‌లోంచి సగం బయటికొచ్చి, చెయ్యి ఊపుతూ అరిచాడు. "రస్సీ ఒదలుండ్రి! జరుగుండ్రి అవతలికి!"

ఎవడూ వినలేదు. తాడు తెగింది. దండ మొత్తం కారు అద్దం మీద పడి అద్దం పగిలింది. ఒక పండు నాయకుడి నుదుటికి తగిలింది. ఆయన తాబేలులా లోపలికి ముడుచుకున్నాడు, కార్లు హారన్లు కొట్టుకుంటూ వెళ్లిపోయాయి. రోడ్డు మీద దొర్లుతున్న పండ్లను జనం ఏరుకున్నారు. జెండాలు పట్టుకున్నవాళ్లు జెండాలు కింద పెట్టి మరీ ఏరుకున్నారు.

జరిగింది అంతే. సాయంత్రానికి టీవీలో అది రాళ్ల దాడి అయింది.

పరుగెత్తుతున్న జనం, పగిలిన అద్దం, నుదురు పట్టుకున్న నాయకుడు. ఈ మూడు ముక్కలనే తిప్పి తిప్పి చూపించారు. దండ ఎక్కడా లేదు. చివర్లో క్రేన్ మీద చెయ్యి ఊపుతున్న రిజ్వాన్. ఆ చెయ్యి చుట్టూ ఎర్రటి సున్నా. "దాడికి సైగ చేసిన ఈ వ్యక్తి ఎవరు?" అని యాంకరు బల్ల గుద్దాడు. కాసేపటికి పేరు కూడా దొరికినట్టుంది. పేరు దొరికాక గొంతు ఇంకో మెట్టు పైకెక్కింది.

ఇంట్లో అందరూ చూస్తూనే ఉన్నారు. రిజ్వాన్ మొదట నవ్వాడు. తండ్రి మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

"బేటా, రాళ్లు ఎవరు ఏసిండ్రు?" అన్నాడు ఖదీర్.

"రాళ్లేంది అబ్బా? ఆపిల్ పండ్లు. నేను ఆడనే ఉన్న."

"పైనుంచి నీకు కనపడలేదేమో."

"అబ్బా!"

"వాళ్లకు ఇన్ని కెమెరాలు ఉన్నయ్ బేటా. నీకు ఉన్నవి రెండు కండ్లే కదా."

రిజ్వాన్ లేచి బయటికి వెళ్లిపోయాడు. టీవీలో ముక్కూ మొహం తెలియనివాడు తనను రౌడీ అంటే కోపం వచ్చింది, అంతే. తండ్రి అన్న మాట మాత్రం ముల్లులా దిగబడింది.

మర్నాడు పొద్దున్నే ఠాణా నుంచి పిలుపు. దారిలో ఉపేందర్ ఇంటికి పోయాడు. ఉపేందర్ ఆ చానల్‌కు స్థానిక విలేకరి. నిన్న కెమెరా పట్టుకుని సరిగ్గా క్రేన్ కిందనే నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు చూసినవ్ కదా. నీ కాడ మొత్తం ఉన్నది కదా."

"మొత్తం పంపిన తమ్మీ. వాళ్లు కోసుకున్నరు. నా చేతుల ఏమున్నది?"

"ఆ మొత్తం వచ్చి ఎస్సైకి చూపియ్యి."

ఉపేందర్ మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డును వేళ్లతో తిప్పాడు. "ఇది పోతది," అన్నాడు.

రిజ్వాన్ ఆ కార్డు వైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని మెట్లు దిగాడు.

చివరికి వెంట వచ్చింది రేణుకమ్మ. తొండుపల్లి మలుపులో మిర్చి బజ్జీల బండి ఆమెది. పిలవకుండానే వచ్చి, ఎస్సై ముందు కొంగు దులిపి నిలబడింది.

"రాళ్లా సారూ? ఆ రాళ్లు మా మనవలు తిన్నరు. ఇంక రెండు ఇంట్ల ఉన్నయ్, తెమ్మంటే తెస్త. పంటికి మస్తు మెత్తగున్నయ్."

ఎస్సై మొదట గంభీరంగా ఉండబోయాడు, కుదరలేదు. ఆమె చెప్పింది రాసుకున్నాడు. ఆ వాడకట్టులో ఇంకో ఇద్దరు అదే చెప్పాక రిజ్వాన్‌ను ఇంటికి పొమ్మన్నాడు.

ఠాణాలో రాళ్లు పండ్లయ్యాయి గానీ టీవీలో కాలేదు. చానల్ మర్నాటికే ఇంకో నాయకుడి ఇంకో గొడవలో పడింది. తప్పు చెప్పామన్న మాట లేదు. మసీదు దగ్గర పరిచయస్థులు తన వైపు చూసి మాట తగ్గించడం రిజ్వాన్‌కు తెలుస్తూనే ఉంది. వారం ఓర్చుకుని, ఒకరోజు బస్సెక్కి నగరంలో ఉన్న ఆ చానల్ ఆఫీసుకు వెళ్లాడు.

అద్దాల గదిలో ప్రసన్నలక్ష్మి అనే ఆవిడ కూర్చోబెట్టి మంచినీళ్లిప్పించింది. వార్తల విభాగం చూసే మనిషి. మాట మెత్తన.

"చూడండి రిజ్వాన్ గారూ, ఆ సమయానికి మాకు అందిన సమాచారం అలా ఉందండి."

"మీ కెమెరానే కదా మేడం. పండ్లు కనపడ్తయి కదా."

"మీకు అభ్యంతరం ఉంటే రేపు చర్చకు రండి. మీ వైపు కథ మీరు చెప్పుకోవచ్చు. అవతలి పక్షం వాళ్లు కూడా ఉంటారు."

"నా వైపు కథ ఏంది మేడం? ఆపిల్ పండుకు అవతలి పక్షం ఉంటదా?"

ఆవిడ చిరునవ్వు చెదరలేదు. మేకప్ కూడా ఉచితమేనని చెప్పింది. రిజ్వాన్ గ్లాసులో నీళ్లు ముట్టకుండా లేచాడు. ఆ నవ్వును, ఆ అద్దాలను, గోడ మీద బంగారు అక్షరాల్లో రాసుకున్న 'సత్యం' అన్న మాటను తలుచుకుంటూనే బస్సులో ఇంటికొచ్చాడు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం, బుద్వేల్ వైపు పని ముగించుకుని క్రేన్‌తో వస్తుంటే, సర్వీసు రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు ఒకటి పక్కకు ఒరిగి పడి ఉంది. డ్రైవరు యాదయ్య కాలు ముందు భాగం కింద ఇరుక్కుంది. చుట్టూ జనం. సగం మంది ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు.

"ఫోన్లు లోపల పెట్టుండ్రి! ట్యాంకరుకు చుట్టేటి ఈ బెల్టు పట్టుండ్రి!" అని రిజ్వాన్ అరిచిన అరుపుకు ఈసారి జనం విన్నారు.

ఇనుప దూలం జారితే వంగుతుంది, అంతే. ఇది జారితే మనిషి పోతాడు. గోరంత గోరంత లేపుతుంటే ట్యాంకరు మూలిగింది. వాన కళ్లలో పడుతోంది. తుడుచుకుందామంటే చెయ్యి తీయడానికి లేదు. యాదయ్య నొప్పితో బూతులు తిడుతున్నాడు. ఆ బూతులు వినపడినంత సేపూ రిజ్వాన్‌కు ధైర్యంగా ఉంది. ఎవరో కాలు బయటికి లాగారు. అంబులెన్సు వాళ్లు దవాఖానకు తీసుకుపోయారు. కాలు విరిగింది, ప్రాణం దక్కింది.

ఇంటికొచ్చాక కంచం ముందు కూర్చుని అన్నం కలపడం మరిచిపోయాడు. ఆఫియా భయపడింది.

"ఏమైంది? చెప్పు."

"ఏం కాలే. ఇన్నేండ్లు బండి నడుపుడు ఎందుకు నేర్చుకున్ననో ఇయ్యాల తెలిసింది ఆఫియా."

మర్నాడు ఆ చానల్‌లో వార్త వచ్చింది. ఆ దండ నాయకుడి పిలుపు మేరకు కార్యకర్తలు కదిలారట, డ్రైవరు ప్రాణాలు కాపాడారట. దానికి తోడు ఒక వీడియో. క్రేన్, జనం, క్యాబిన్‌లోంచి చెయ్యి ఊపుతున్న రిజ్వాన్. చెయ్యి చుట్టూ సున్నా తీసేశారు.

ఖదీర్ కుర్చీలో ముందుకు వంగాడు.

"రుకో రుకో. గిదేంది? గీ వీడియోల ఎండ కొడ్తున్నది."

కళ్లు చికిలించి తెరకు ఇంకా దగ్గరగా జరిగాడు.

"నిన్న వాన కదా. నువ్వు తడిసి ముద్దయి వచ్చినవ్ కదా బేటా. ఇది ఆ పండ్ల రోజుది కదా!"

"రాళ్ల రోజుది అబ్బా," అన్నాడు రిజ్వాన్.

ముసలాయన కొడుకు వైపు చూడలేకపోయాడు. టీవీ వైపు కూడా చూడలేకపోయాడు. రిమోట్ కోసం తడిమి కట్టేసి, "చాయ్ పెట్టు బేటీ" అన్నాడు ఆఫియాతో. నాలుగు రోజుల తర్వాత మళ్లీ పెట్టాడు, అలవాటు అంత తొందరగా పోదు. కానీ ఇప్పుడు తొడ చరచడు. యాంకరు అరిచినప్పుడల్లా "చల్, ఝూటే, అన్నీ అబద్ధాలే" అని తలగడ సర్దుకుంటాడు.

రిజ్వాన్ అంబులెన్సు వాళ్లకు, రోడ్డు మీద గస్తీ తిరిగేవాళ్లకు తన నంబరు ఇచ్చి పెట్టాడు. ఎక్కడ బండి బోల్తాపడినా కబురొస్తుంది, చేతిలో పని వదిలేసి పోతాడు. దండల వాళ్లు ఫోన్ చేస్తే సగం మాట వినకుండానే పెట్టేస్తాడు. మసీదు దగ్గర కొందరు ఇప్పటికీ ఆ పాత వీడియో నిజమనే అనుకుంటున్నారు. వాళ్లకు చెప్పి ఒప్పించే ఓపిక అతనికి లేదు, అక్కర కూడా లేదు.

మొన్న బడంగ్‌పేట్ దగ్గర ఇటుకల లారీ గుంటలోకి ఒరిగింది. రిజ్వాన్ వెళ్లేసరికి ఉపేందర్ అప్పటికే వచ్చి ఉన్నాడు. మైకు మొహం ముందుకు తెచ్చాడు.

"తమ్మీ, ఒక్క మాట చెప్పు. జర జల్ది."

"క్లీనరు లోపల ఉన్నడు. అది పక్కకు పెట్టి బెల్టు పట్టు."

ఉపేందర్ తటపటాయించాడు. లోపలినుంచి మూలుగు వినపడింది. మైకు తన కారు సీట్లో పడేసి వచ్చి బెల్టు పట్టాడు. అలవాటు లేని చేతులు, అరచేతులు దోక్కుపోయాయి. క్లీనరు బయటికి వచ్చాక, దోక్కుపోయిన చేతులు చూసుకుంటూ రోడ్డు పక్కన కూర్చున్నాడు.

చానల్ నుంచి ఫోన్ వచ్చింది. "ఎన్ని షాట్లు తీసినవ్?" అని అటునుంచి అరుస్తున్నారు. రిజ్వాన్‌కు కూడా వినపడింది.

"తీయలే సార్," అన్నాడు ఉపేందర్. "చేతులు ఖాళీగా లేవు."

రిజ్వాన్ నీళ్ల సీసా అతని వైపు విసిరి, క్యాబిన్ ఎక్కాడు. గుంటలోంచి లేపి రోడ్డుకు అడ్డంగా పెట్టిన లారీని ఇంకా పక్కకు జరపాలి.